జంపఖానా పండుకునే చోటు

పొద్దున్నే లేచి గోదావరి ముగ్గురికీ వంట చేసేది. కొడుకు శశిధర్ మెదక్ బజార్లో తన ఎరువుల దుకాణం తెరవడానికి పోయేవాడు, కోడలు కృతిక పాఠాలు చెప్పడానికి బడికి పోయేది. మధ్యాహ్నం కోడలు అన్నానికి వచ్చే వేళకు గోదావరి ఒక ప్లేటు తీసి, నల్లా కింద తడిపి, గట్టు మీద బోర్లించి పెట్టేది.

"నీకోసం ఆగలేదు బిడ్డా, గిప్పుడే తిన్న" అనేది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి పాలు తాగకుండానే తాగినట్టు నటిస్తూ, ఎవరికీ తెలియదనుకున్నది. కృతికకు ఎప్పుడో తెలుసు. అత్తమ్మ జాకెట్లు రెండుసార్లు కుట్టు బిగించి ఇచ్చింది తనే కదా.

గోదావరి కావాలని పస్తులుండేదేం కాదు. రెండేళ్ళ కింద భర్త ఇంద్రకరణ్ పోయినప్పటి నుంచి ఆకలి రావడమే మానేసింది. అన్నం చూస్తే అన్నం లాగే కనిపించేది, అంతే. దవాఖానలో డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "రోగమేం లేదు. తినాలె. గిట్లనే ఉంటే మాత్రం వచ్చే చలికాలం దాటుడు కష్టం" అని శశిధర్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. పక్కకు పిలిచి చెప్పిన మాటలు గోదావరికి ఎప్పుడూ బాగానే వినిపించేవి.

ఆ వారమే శశిధర్ అన్నాడు: "అమ్మా, ఏడుపాయలకు పోదాం. రెండు దినాలుండి వద్దాం, నాయిన ఉన్నప్పటి లెక్క."

దీవి అంటే సముద్రంలోనే ఉండాలని ఎవరన్నారు? మంజీర నది ఏడు పాయలుగా చీలి చుట్టుకున్న ఆ గడ్డే మెదక్ వాళ్ళకు దీవి. అమ్మవారికి దండం పెట్టుకోవడం, కిరాయి గదిలో సామాను పడేయడం, బండల మధ్య పొయ్యి పెట్టి కోడికూర వండుకోవడం, ఇక ఎక్కడ కూర్చొని తినాలా అని కొట్లాడుకోవడం. ఆ కొట్లాట లేకపోతే పోయినట్టే లెక్క కాదు.

"హోటల్ల తిందాం అత్తమ్మా, ఏసీ ఉంటది" అన్నది కృతిక ఫోన్ చూస్తూ.

"నీళ్ళ పక్కన తింటేనే మజా" అన్నాడు శశిధర్.

"యాడనన్న తినుండ్రి. నాకైతే ఆకలైతలేదు" అన్నది గోదావరి.

అసలు ఆ ఇంట్లో ఈ సంగతి మనుషులు తేల్చేది కాదు. సజ్జ మీద నుంచి జంపఖానా దించారు. నీలం, ఎరుపు చారలు వెలిసిపోయి ఒకే రంగులో కలిసిపోయిన పాత జంపఖానా అది. నలుగురు కూర్చొని తినొచ్చు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, బయట ఎక్కడ పరిచినా నాలుగు మూలలూ పైకి లేపుకొని ముడుచుకునేది. దగ్గర్లో పస్తుండి ఆకలితో ఉన్న మనిషి ఉంటేనే చాపలా చదునుగా పండుకునేది. అప్పుడు ఆ మనిషి ముందు ఇస్తారాకు వేసి, పిలిచి, అందరూ కలిసి తినాలి. ఇంద్రకరణ్ వాళ్ళ తాతల నుంచీ ఇంతే. కొందరి ఇంట్లో గడియారం ఆలస్యంగా నడుస్తుంది, వీళ్ళ ఇంట్లో జంపఖానా ఇలా. ఏడుపాయల్లో కిరాయి గదులు చూసుకునే ఎల్లం కూడా వీళ్ళు కనిపిస్తే "బాగున్నరా" అని కాదు, "పండుకున్నదా?" అని అడిగేవాడు.

గోదావరి ఆ ఇంటికి వచ్చిందే ఆ జంపఖానా వల్ల. అప్పుడామె ఊరు రేగోడ్. మేనమామ వాళ్ళతో జాతరకొచ్చింది. తిరుగు ప్రయాణంలో చుట్టాలంతా రెండు ట్రాక్టర్లలో ఎక్కారు. ముందు బండి వాళ్ళు పిల్ల వెనక బండిలో ఉందనుకున్నారు, వెనక బండి వాళ్ళు ముందు బండిలో ఉందనుకున్నారు. పిల్ల మాత్రం బండ పక్కన చెప్పు వెతుక్కుంటూ ఉండిపోయింది. పొద్దటి నుంచి తిండి లేదు. అడుక్కోవడానికి మనసొప్పలేదు. బండకు ఆనుకొని, ఏడుపు మింగుకుంటూ కూర్చున్నది.

అప్పుడొక కుర్రాడు చంకలో జంపఖానా పెట్టుకొని అక్కడా ఇక్కడా పరుస్తూ, తిట్టుకుంటూ వచ్చాడు. ఆమె ముందు పరవగానే అది పండుకున్నది. అతను ఆకు వేసి, ఆమె మొహం చూడడానికి సిగ్గుపడి ఆకునే చూస్తూ, "ఇస్తారేసినం. రా" అన్నాడు.

"నాకు ఆకలైతలేదు" అన్నది గోదావరి.

"జంపఖానా అబద్ధమాడది" అన్నాడతను.

ఆ రోజు తిన్న చింతచిగురు కూర పులుపు ఆమె నాలుక మీద ఇప్పటికీ ఉంది. చీకటి పడకముందే అతని తల్లి ఆమెను రేగోడ్‌లో దింపి వచ్చింది. ఆర్నెల్లకు ఆ కుర్రాడి ఊరు కుల్చారం నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో కూడా ఇంద్రకరణ్ ప్లేటునే చూశాడు.

శనివారం ఏడుపాయలకు చేరారు. ఎండ ఎక్కువగా ఉందని గోదావరి గదిలోనే పడుకున్నది. శశిధర్ జంపఖానా తీసుకొని పోయాడు. వేపచెట్టు కింద పరిచాడు, ముడుచుకున్నది. నీళ్ళ పక్కన పరిచాడు, ఇంకా గట్టిగా ముడుచుకున్నది. చివరికి కృతిక మాటే నెగ్గి హోటల్లో తిన్నారు. గోదావరికి పొట్లం కట్టించి తెచ్చారు. తెల్లారి చూస్తే పొట్లం విప్పనే లేదు. శశిధర్ ఆ పొట్లం పారేసి వచ్చి, చాలాసేపు నీళ్ళవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆదివారం గది ముందే పొయ్యి పెట్టి కృతిక బగారన్నం, కోడికూర వండింది. శశిధర్ మళ్ళీ జంపఖానా ఎత్తుకున్నాడు. గుడిమెట్ల దాకా పోయాడు, బొరుగుల దుకాణాల వెనక్కి పోయాడు. ఎక్కడా పండుకోలేదు. ఈ కాలంలో దీవి మీద ఆకలైన మనిషి దొరకడం కూడా కష్టమే, అడుగడుగునా బజ్జీల బండ్లాయె.

చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, గది ముందున్న బాట అవతల దాన్ని ఈడుస్తున్న కొడుకును చూసి గోదావరి ఊరుకోలేకపోయింది. ఇంద్రకరణ్ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు.

"ఏందిరా గది, పాత బొంత లెక్క గుంజుతున్నవ్! ఇటియ్యి. మీ నాయిన ఎట్ల పరుస్తుండె, నువ్వెట్ల పరుస్తున్నవ్!"

ఎండలోకే దిగి వచ్చింది. జంపఖానా లాక్కొని, రెండు మూలలు పట్టి, ఒక్క దులుపు దులిపి బాట మీదే వదిలింది. బండ్లు ఆపే చోటికి పోయే మట్టిబాట అది. నీడ లేదు, నీళ్ళు లేవు. జంపఖానా మెల్లగా దిగి, నాలుగు మూలలూ చాపి, ముడత లేకుండా పండుకున్నది.

"అబ్బ! పండుకున్నది" అన్నది కృతిక. "ఎవరు మరి?"

ముగ్గురూ చుట్టూ చూశారు. ఎల్లం చీపురుతో పోతున్నాడు.

"ఎల్లం, తిన్నవా?" అని అడిగింది గోదావరి.

"రెండుమాట్ల తిన్న అక్కా. గొంతు దాంక ఉన్నది."

కొబ్బరికాయలమ్మే ఆమె ఖాళీ టిఫిన్ డబ్బా ఎత్తి చూపించి నవ్వింది. ఆఖరికి అక్కడున్న కుక్క కూడా కోడి బొక్కలు తిని తిని, పొట్ట పైకి పెట్టి నిద్రపోతున్నది.

"గిదేం పరేషాన్‌రా, ఎవ్వరు లేకపాయె" అని గోదావరి ఇంకా బాట అటూ ఇటూ వెతుకుతూనే ఉంది.

శశిధర్ వెతకడం ఆపేశాడు. గదిలోకి పోయి ఒక ఇస్తారాకు తెచ్చాడు. తల్లి కాళ్ళ ముందు, జంపఖానా అంచున పెట్టాడు. కళ్ళు నిండి ఆమె మొహం చూడలేక ఆకునే చూస్తూ అన్నాడు:

"ఇస్తారేసినం. రా."

అదే గొంతు కాదు. కానీ అదే మాట, అదే వంచిన తల. నాకు ఆకలైతలేదు అనడానికి గోదావరి నోరు తెరిచింది. కాళ్ళ ముందు జంపఖానా అంత చదునుగా పండుకొని ఉంటే ఆ మాట ఎలా అంటుంది? అప్పుడు కడుపులో ఎవరో పొయ్యి ముట్టించినట్టయింది. రెండేళ్ళ ఆకలి ఒక్కసారే వచ్చింది. అక్కడే కూలబడి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది.

"ఆకలైతుందిరా" అన్నది దొంగతనం ఒప్పుకున్నట్టు. "మస్తు ఆకలైతుంది."

కృతిక అన్నం వడ్డించింది. ఎర్రటి ఎండలో, బండ్లు హారన్లు కొట్టుకుంటూ చుట్టు తిరిగి పోతుంటే, ముగ్గురూ బాటమధ్య కూర్చొని తిన్నారు. గోదావరి రెండోసారి అడిగి పెట్టించుకుని, కూరలో ఉప్పు తక్కువైందని కోడలికి చెప్పింది. ఉప్పు తక్కువేం కాలేదు. కృతిక మాత్రం ఆ మాటకు సంబరపడిపోయింది.

సోమవారం మధ్యాహ్నం కృతిక బడి నుంచి ఇంటికొచ్చి, అలవాటుగా వంటింటి గట్టు వైపు చూసింది. అక్కడ తడిప్లేటు లేదు. గోదావరి కింద రెండు ప్లేట్లు పెట్టుకొని, ఒకదాని ముందు కూర్చొని వాకిలి వైపే చూస్తున్నది.

"గింత లేటా? జల్ది కాళ్ళు కడుక్కొని రా బిడ్డా" అన్నది. "కడుపుల ఎలుకలు ఉరుకుతున్నై."