చీము పట్టని పుండు

దొరబాబు డాక్టరు కాదు. మందుల షాపులో పొట్లాలు కట్టి కట్టి, రెండువేల రెండులో నర్సీపట్నంలో సొంత బోర్డు పెట్టాడు. మా అమ్మ తలుపులమ్మకు మాత్రం దేవుడు. మోకాళ్ల నొప్పులకు అతనిచ్చిన బిళ్లలు మింగుతూ ఏడాదిగా చెరకు కొట్టే కూలికి వెళ్తోంది. ముఖం ఉబ్బితే ఒళ్లు చేశానని మురిసిపోయింది.

ఒకరోజు చెరకు మోడు పాదంలో దిగింది. పుండు మానదు. అలాగని ఎర్రబడలేదు, వాయలేదు. పెద్దాసుపత్రికి పోదామంటే నా మీదే కసిరింది.

"సీము నేదు, వాపు నేదు. ఆస్పత్రి ఎందుకే? దొరబాబు గారి సలవ!"

పాదం నల్లబడి, జ్వరంతో మాట తడబడ్డాక గానీ ఆటో ఎక్కలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, పుండునూ పరీక్షించింది. "తెల్లకణాలు బోలెడున్నాయి. కానీ పుండు దగ్గర లేవు."

"అదేటండీ?"

"అవి రక్తనాళం గోడకు అంటుకుని, సందుల్లోంచి దూరి కండలోకి రావాలమ్మా. అక్కడ క్రిములతో పోరాడి చచ్చినవే చీము అయ్యేది. మీ అమ్మ మింగే స్టెరాయిడ్ బిళ్లలు వాటిని గోడకు అంటుకోనివ్వవు. నెత్తుటిలోనే తిరుగుతుంటాయి."

ఇంట్లో దొంగలు పడితే కావలివాళ్లు వీధిలోనే తిరిగారన్నమాట. మోకాలి కింద కాలు తీసేశారు. నా ఒళ్లు మండిపోయింది. కంచే చేను మేయడమంటే ఇదే.

తిన్నగా దొరబాబు మీదికి వెళ్లాను. "మా అమ్మ కాలు తినేసావు గదరా!"

అతను పొట్లం కడుతూనే ఉన్నాడు. బెంచీ మీదున్న సోమలమ్మ అనే ముసలామె నా మీదికి లేచింది. "అరవకే! ఆ బాబు బిళ్ల నేకపోతే నాను మంచం దిగనేను." పక్కవాళ్లూ ఆమెకే తలూపారు. అందరి ముఖాలూ మా అమ్మ ముఖంలాగే ఉబ్బి ఉన్నాయి. వాళ్లందరి చెంపలూ వాయించాలనిపించింది.

ఆసుపత్రికి తిరిగొచ్చి అమ్మ సంచిలోని బిళ్లలు చెత్తబుట్టలో పారేయబోతే డాక్టరమ్మ ఆపింది. "ఒక్కసారిగా మానిపిస్తే ప్రాణం పోతుంది. ఒళ్లు అలవాటు పడిపోయింది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ నువ్వే వెయ్యాలి."

పళ్లు కొరుక్కుంటూ ఆ పాడు బిళ్లను నా చేత్తోనే విరిచి, అమ్మ నోట్లో వేశాను. అమ్మ మింగి నావైపు చూసింది.

"సగమే ఏసావేటే? దొరబాబు గారైతే రెండిచ్చీవోరు. కడుపున పుట్టినదానివి, నీకా పాటి దయ నేదు."