ఎర్రపూసలు ఉన్నన్నాళ్లు

వెదురు మంచె మీద ఉసిపా చేపల్ని ఎండకు అరచేత్తో పలచగా పరుస్తూ ఎనెలేసి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చింది. నడుముకు చుట్టుకున్న చిటెంజె గుడ్డ తడిసి తొడలకు అంటుకుపోయింది. దురద. పట్టపగలు, ఒడ్డంతా ఆడవాళ్లు ఉండగా, చెయ్యి పెట్టుకోలేని చోట దురద. గోళ్ల సందుల్లో పొలుసులు, ముక్కు మీద ఈగ. మోకాళ్లు దగ్గరికి నొక్కుకుంది.

ఆమెకు చంద్రుడి మీద కోపం. ఉసిపా చీకటి రాత్రుల్లోనే దీపానికి వస్తుంది కాబట్టి మొగుడు వైసన్ అప్పుడు సరస్సు మీద ఉంటాడు. ఆమె ముట్టూ ఆ చీకట్లోనే వస్తుంది. ఈ దురదకు క్లినిక్‌లో నర్సమ్మ ఇచ్చినవేమో లోపల పెట్టుకునే మాత్రలు. "ముట్టులో వద్దు, నెత్తురుతో కొట్టుకుపోతాయి. ఆగాక మొదలుపెట్టి ఒక్క రాత్రీ తప్పకుండా పెట్టుకో. మాత్రల పట్టీ అయ్యేదాకా మొగుణ్ణి దగ్గరికి రానీకు" అంది. నర్సమ్మకేం, చెప్పేసింది. ముట్టు ఆగేసరికి వెన్నెల వస్తుంది, వెన్నెలతో పాటు వైసన్ వస్తాడు. ఇప్పటికి రెండుసార్లు మందు సగంలో ఆగింది, ఓసారి ముట్టు ముందే వచ్చి, ఓసారి వైసన్ ఆగక. రెండుసార్లూ దురద తిరిగొచ్చింది. సంగతి చెప్పబోతే, "ఎవడి దగ్గర తెచ్చుకున్నావే?" అన్నాడు. ఇక చెప్పడం మానేసింది.

ఈసారి ముట్టు ఆగినా మంచం పైన మేకుకు వేలాడే ఎర్రపూసలు తీసి తెల్లపూసలు వెయ్యలేదు. ఎర్రవి ఉన్నన్నాళ్లు మొగుడు తాకడు. పెళ్లికి ముందు అమ్మమ్మ నేర్పిన మొదటి పాఠం అదే. పట్టీలో ఇంకొక్క మాత్ర మిగిలింది.

సాయంత్రం గుమ్మడాకు కూర ఉడుకుతుంటే అత్త నాసిబెకో ఉప్పు డబ్బా పట్టుకొచ్చింది. కోడలు ముట్టులో ఉంటే కూరలో ఉప్పు అత్తే వెయ్యాలి. గరిటె అంచు నాకి ఆగిపోయింది.

"ఇందులో ఉప్పెవరేశారే?"

ధ్యాసంతా దురద మీదుంటే ఎనెలేసి చెయ్యి అలవాటు కొద్దీ వేసేసింది.

"ముట్టుదాని చేతి ఉప్పు తింటే దగ్గు పట్టి ఎండిపోతారని తెలీదూ? నా కొడుకును చంపుతావా?"

"ముట్టు ఎప్పుడో ఆగింది అత్తా."

"మరి ఆ ఎర్రపూసలు ఎవరి కోసం, నా కోసమా?"

ఎనెలేసి గరిటెను పొయ్యి రాయికేసి కొట్టింది. "మందు పెట్టుకోవాలి అత్తా! ఓసారి నెత్తురు కడిగేసె, ఓసారి నీ కొడుకు చెడగొట్టె. ఎన్నాళ్లు గోక్కుంటూ చావను? ఇంకొక్కటే ఉంది. ఒక్కటి! పో, పోయి వాడికి చెప్పుకో."

ముసలామె పీట లాక్కుని కూర్చుంది.

"నా కాలంలో ఈ మందుల్లేవు" అంది. "ఎర్రపూసలే ఉండేవి. మీ మామకు రోజుల లెక్క రాదు, నా అదృష్టం."

వైసన్ వస్తూనే లోపలికి తొంగి చూశాడు. "ఇంకా ఎర్రవేనా? నెలంతా ముట్టేనా నీకు?" చేతులు కడుక్కుని సంకటి ముద్ద కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. "ఉప్పెవరేశారు?"

ఎనెలేసి నీళ్ల చెంబు అతని ముందు పెట్టింది.

"నేను" అంది నాసిబెకో, డబ్బా ఎత్తి చూపిస్తూ. "కళ్లు కనబడట్లా? తిను. ఒడ్డున వలలకు కాపలా లేదు గానీ ఇక్కడ పూసలకు కాపలా కాస్తున్నాడు!"

వైసన్ గొణుక్కుంటూ తిన్నాడు. చాప చుట్టి చంకన పెట్టుకుని, తలుపు దగ్గరికైనా వెయ్యకుండా, వలల దగ్గర పడుకోడానికి ఒడ్డుకు వెళ్లిపోయాడు.

"రేపు ఆ పూసలు మార్చు" అంది అత్త, తన గుడిసెకు వెళ్లడానికి లేస్తూ. "ఉప్పు మీద అబద్ధం రోజూ ఆడలేను."

ఎనెలేసి ఆఖరి మాత్ర పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. పెట్టుకున్నాక లేవొద్దంది నర్సమ్మ. అప్పుడు కనబడింది: తెరిచిన తలుపులోంచి సరస్సు తేమగాలి వస్తోంది, పొయ్యి పక్కన అత్త మర్చిపోయిన ఉప్పు డబ్బా, మూత లేకుండా. తెల్లారేసరికి ఉప్పు నీరైపోతుంది, లేచి మూత పెడితే మాత్ర జారిపోతుంది.