మూడు గంటల ఫోటో

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాము. వంటింట్లో మా అక్క చంద్రిక. నడిమింట్లో చాట ముందర పెట్టుకుని అక్క అత్త తిమ్మమ్మ. ముందు రూములో, అంటే మా బావ లారీ ఆఫీసులో, ఎప్పట్లాగే కంప్యూటరుకు అతుక్కుని గుమాస్తా పద్మనాభ. ఫోన్లో ఎవరో డ్రైవరును తిడుతూ బావ జగదీశ్. బల్ల కింద వైర్ల మధ్య నేను, అనుపమ.

మాది రూపనగుడి. బడిలో చదివింది కన్నడం, డైరీ మాత్రం తెలుగులో రాసుకుంటాను. పీయూసీ, అంటే ఇంటరు, అయినాక కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటానంటే నాయిన నన్ను బళ్ళారిలో, సత్యనారాయణపేటలో ఉండే అక్కింటికి పంపించినాడు. పొద్దున కోర్సు. ఆ తర్వాత అక్కతో అంట్లు, బట్టలు, మధ్యమధ్య బావ ఆఫీసు పని. పని చేస్తున్నానని ఎవరూ అనలేదు. "ఊరికే కూర్చోకుండా ఏదో ఒకటి కదిలిస్తాంటాది" అని అత్త పక్కింటావిడతో చెప్పేది.

పోయిన నెల పద్మనాభ కంప్యూటరు చచ్చిపోయింది. అందులో ట్రిప్పుల రిజిస్టరు ఉంది. ఏ లారీ ఏ గనికి పోయింది, ఏ పర్మిటు మీద పోయింది, మూడు నెలలది, మొత్తం పోయింది. రోజూ కాపీ తీసే ఏర్పాటు ఉందిగదా అని బావ ధైర్యంగానే ఉన్నాడు. తెరిచి చూస్తే అన్ని ఫైళ్ళూ ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప. పద్మనాభ పొద్దున తొమ్మిదికి ఆ రిజిస్టరు తెరిస్తే ఇంటికి పోయేదాకా మూయడు. తెరిచి ఉన్న ఫైలును కాపీ చెయ్యడం ఆ ఏర్పాటుకు చేతకాదు. 'ఈ ఫైలు వాడకంలో ఉంది, వదిలేశాను' అని తొంభై రోజులుగా రాసి పెడుతూనే ఉంది. దాన్ని చదివినవాళ్ళు లేరు.

తెరిచి పెట్టింది పద్మనాభ. చదవనిది బావ. దెబ్బలు తిన్నది అక్క. ముందురోజు ఆ కంప్యూటరును తడిబట్టతో తుడిచిందట, అందుకే చెడిపోయిందట. లారీ ఫ్యాన్ బెల్టుతో కొట్టినాడు. అక్క ఎడమచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. తల దువ్వుకోవాలంటే నన్ను పిలుస్తుంది. "కోపిష్టోడు, మనసు మంచిది" అన్నాడు నాయిన ఫోన్లో. "ఒక చెయ్యి బాగనే ఉండాది గదా, రొట్టెలు తట్టు" అనింది అత్త.

ఇంకోసారి ఫైలు పోతే ఇంకో చెయ్యి పోతుంది. నాకు తెలిసిన లెక్క అంతే. అందుకే కోర్సులో సారును అడిగి, రాసుకొచ్చి, ఆ వారమంతా కూర్చున్నాను. తెరిచి ఉన్న ఫైలును కాపీ చేసే మార్గం ఒకటుంది. దాన్ని స్నాప్‌షాట్ అంటారు. కంప్యూటరు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, డిస్కు మీద అన్నీ ఎట్లున్నాయో అట్లే గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత ఆ గుర్తులోంచి కాపీ తీసి, ఇంటర్నెట్ మీద ఇంకో చోటికి పంపిస్తుంది. టైపు చేసేవాళ్ళకు తెలియనే తెలియదు. ఆఫీసులో ఉన్న మూడు కంప్యూటర్లలోనూ దానికి అనుమతి ఇవ్వాలి, దాని సర్వీసు ఆన్ చెయ్యాలి, డిస్కులో జాగా ఉంచాలి. చెడిపోయినదాని బదులు పద్మనాభకు తెచ్చిచ్చిన దాంట్లో జాగా లేక రెండుసార్లు ఆగిపోయింది. నిండా సినిమాలు. తీసెయ్యమంటే, "పాపా, కంప్యూటరుకు పూజ జేస్తాండావా, పెండ్లికి నోములు నోస్తాండావా?" అని నవ్వినాడు. నవ్వి, తీసేసినాడు. ఆ రోజు పదకొండు గంటలకు మొదటిసారి 'వదిలేసినవి సున్నా' అని వచ్చింది. బల్ల కిందే కూర్చుని రెండుసార్లు చదువుకున్నాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర బావ అడిగినాడు. "ఏందమ్మే, వారం నుండి గెలుకుతాండావ్?"

నాకు బావ ముందర గొంతు లేవదు. వచ్చిన మాటలు వచ్చినట్టు చెప్పేసినాను. "ఫోటో తీస్తాది బావా. పదకొండుకి, మూడుకి, ఆరుకి. ఎవరు ఏం జేస్తాన్నా ఆపే పని లేదు. ఎట్లుండేది అట్లే తీసి పెట్టుకుంటాది."

బావ చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. "యాడ తీస్తాది?"

"ముందు రూములో. మూడింట్లోనూ."

"తీస్తాండేది మనుషులకి తెలుస్తాదా?"

"తెలీదు బావా."

సంతోషంగా చెప్పినాను. వారం కష్టం ఎవరో ఒకరు అడిగినారని. బావ మిగతా అన్నం తినకుండా లేచినాడు.

అంట్లు తోమి ముందు రూముకు పోతే మూడు కంప్యూటర్ల మీదా అత్త పాత చీరలు కప్పుతోంది. "కండ్లు మూస్తాండా. పాడు కండ్లు, సంసారాల మింద పడినాయి" అంటోంది. నాకు అర్థం కాలేదు. బావ అక్కను పిలిచినాడు. ఆ పిలుపు వినగానే పద్మనాభ "టీ తాగొస్తానన్నా" అని చెప్పులేసుకున్నాడు. ఎప్పుడూ అంతే, సరిగ్గా అప్పుడే ఆయనకు టీ గుర్తుకొస్తుంది. పోతూ వీధి తలుపు దగ్గరికి లాగిపోయినాడు.

"చెల్లెల్ని తెచ్చి పెట్టుకునింది ఇందుకేనా? నా ఇంట్లోనే నాకు ఫోటోలు తీపిస్తావా? మీ నాయినకి చూపించేకా?" అన్నాడు బావ.

"ఏం ఫోటోలప్పా?" అనింది అక్క.

మొదటి దెబ్బ చెంప మీద. రెండోది బెల్టుతో వీపు మీద. మూడోదానికి అక్క పక్కకు తిరిగితే జుట్టు పట్టుకుని తలను బల్ల అంచుకు కొట్టినాడు. కొబ్బరికాయను మెత్తటి నేల మీద కొట్టినట్టు చప్పుడయింది. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి దిగింది. అత్త "మొగం మింద వద్దప్పా, వీధిలో కనిపిస్తాది" అనింది. అక్క పట్టుకోవడానికి దొరికిన చీరను పట్టుకుంది. అది జారి, పద్మనాభ కంప్యూటరు తెర బయటపడింది.

అప్పుడే టింగుమని మోగింది. మూడు గంటలు. తెర మూలన చిన్న పెట్టెలో 'స్నాప్‌షాట్ పూర్తయింది' అని ఇంగ్లీషులో వచ్చింది.

బావకు ఇంగ్లీషు రాదు. 'స్నాప్' అన్న ఆ ఒక్క ముక్క మాత్రం ఫోన్లో ఫోటోల దగ్గర రోజూ చూసేదే. ఎత్తిన బెల్టు ఎత్తినట్టే ఉండిపోయింది.

"తీసిందా?" అన్నాడు నా వైపు తిరిగి.

అన్నం దగ్గర ఏం చెప్పినానో, బావ ఏం విన్నాడో అప్పుడు తెలిసింది నాకు. తీసింది. ట్రిప్పుల రిజిస్టరును తీసింది, పర్మిట్లను తీసింది. ఆ మూడింట్లో దేనికీ కెమెరా లేదు. ఒక్క మాట చెబితే చాలు, అది అట్లాంటి ఫోటో కాదు బావా అని. బావ నవ్వుతాడు, అత్త చీరలు మడిచి పెట్టుకుంటుంది, బెల్టు మళ్ళీ దిగుతుంది. ఈ ఇంట్లో నేను చూసినవన్నీ తలలోకి వచ్చినాయి. చారులో ఉప్పెక్కువైన రోజు, నాయిన ఫోను చేస్తే అక్క తలుపు వెనక నిలబడి మాట్లాడిన రోజు. ఏ రోజూ బావ చెయ్యి మధ్యలో ఆగలేదు. నేను ఏడ్చినా ఆగలేదు, పక్కింటివాళ్ళు తలుపు తట్టినా ఆగలేదు. ఇప్పుడు ఆగింది. లేని ఫోటోకు ఆగింది.

"తీసింది బావా" అన్నాను.

"చెరిపెయ్."

"ఈడ ఉండదు. తీసినాక ఇంగో చోటికి పోతాది."

బావ గోడకు ఆనించిన టైరు రాడ్డు అందుకున్నాడు. తెర పగిలి గాజు అక్క కాళ్ళ మీద పడింది. కింద పెట్టెను కూడా కొట్టినాడు. రేకు లోపలికి పోయింది, ఫ్యాను గిరగిరమని ఆగిపోయింది. మూడోసారి, నాలుగోసారి కొట్టినాడు.

"ఇంగ పోయిందిలే" అనింది అత్త.

"పోదత్తా" అన్నాను. "ఇది పగిలినా అది పోగూడదనే గదా పెట్టింది."

నేనన్న ప్రతి మాటా నిజమే. బావ నా జడ చేతికి చుట్టుకుని గోడకు కొట్టినాడు. నోట్లో పన్ను కదిలి రక్తం ఉప్పగా తగిలింది. "యాడ పెట్టినావ్? యాడ?" అని అడిగిన ప్రతిసారీ ఒకసారి గోడ. ఉన్నట్టుండి బావ అరిచినాడు. అక్క ఆయన మణికట్టును కొరికి పట్టుకుంది. నా జడ వదిలేదాకా వదల్లేదు. తర్వాత కుడిచేత్తో గాజు పెంకు తీసుకుని, ఆయనకూ నాకూ మధ్య నిలబడింది.

"ముట్టప్పా" అనింది. కంట్లో రక్తం, నోటి మీద రక్తం. "మల్లా ముట్టు. ఆరు గంటలకి ఇంగోటి తీస్తాది."

బావ ముట్టలేదు. చీరలు కప్పిన మిగతా రెండు తెరల వైపు చూసి, పగలగొట్టిన రెండు చేతులనూ వెనక్కి పెట్టుకున్నాడు.

అక్క నన్ను వెనక్కి నెట్టుకుంటూ వీధి తలుపు దాకా తెచ్చింది, వీపుతోనే. నేను తలుపు లాగినాను, నా కాలు గడప దాటింది.

"అనూ, పో. బస్టాండుకు పో, నాయిన దగ్గరికి పో. అది యాడుండాదో ఆయనకు చెప్పు, పోలీసులకు చూపించు."

"నువ్వు రా అక్కా."

"ఇద్దరమూ పోతే ఇద్దర్నీ పట్టుకుంటాడు. అది బయట ఉన్నంతవరకు ఈయన చెయ్యి నా మింద పడదు. పడదు గదా?"

అక్క కూడా నమ్మింది. రక్తం లేని కన్ను నా వైపే ఉంది. ఆమె భుజం వెనక బావ వింటున్నాడు, అత్త వింటోంది. అక్కా, అది ఫోటో కాదు. ఆ మాట కదిలిన పన్ను దాకా వచ్చింది. రక్తంతో పాటు మింగేసినాను.

"పడదు" అన్నాను.

అక్క నన్ను వీధిలోకి తోసి తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది.