పూల గుడ్డ

ఆ ఇంటికి ఆమె రెండో కోడలు. ఇంట్లో ఉన్నది ఒక్కగానొక్క కొడుకు, అతనికీ ఇదే మొదటి పెళ్లి. అయినా పెద్దకోడలి హోదా షెడ్డులో ఉన్న పందెం కారుది. ముందొచ్చింది కదా మరి! పెళ్లైన మర్నాడే మావయ్య కుంటుకుంటూ షెడ్డులోకి తీసుకెళ్లి, కారు మీద దుప్పటి తొలగించాడు.

"ఇదిగోనమ్మా, నీ తోడికోడలు. దీని పనులయ్యాకే మన తిండీ, నిద్రా."

కోడలు నవ్వింది. ఆయన నవ్వలేదు.

కారంటే మనమెక్కే కారు కాదు. లోపల ఒకటే సీటు, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం. బరువు తగ్గాలని తలుపుల లోపలి రేకుకి కూడా చిల్లులు పొడిచారు. పక్కనే అలాంటిదే ఇంకోటి చక్రాల్లేకుండా దిమ్మల మీద కూర్చుంది. పెద్దకోడలికి ఏది విరిగితే అది దాన్నుంచి ఊడదీసి పెడతారు. పాపం, దానికి మిగిలింది స్టీరింగూ, ఓపికాను.

జట్టంటే ఇంటివాళ్లే. మావయ్యది స్టాప్‌వాచీ, కొడుకుది ఇంజిను, అత్తయ్యవి చక్రాలు. నడిపేది ఆడపడుచు. అందరూ పిడుగంటారు. ఇంట్లో బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే ఆ మనిషి, హెల్మెట్ తగిలిస్తే మరొకరైపోతుంది. మొదటిసారి ఇంజిను మోగించిన రోజు షెడ్డు రేకులతో పాటు కోడలి పళ్లు కూడా గడగడలాడాయి. అంత మోతలో అత్తయ్య కళ్లు మూసుకుని, "మూడో ప్లగ్గు అలిగిందిరా" అంది. కొడుకు విప్పి చూస్తే నిజంగా మూడోదే! కోడలు నోరు వెళ్లబెట్టింది. అమ్మో, ఎలాంటి ఇంట్లో పడ్డాను అనుకుంది. ఆ అనుకోవడంలో భయం కొంతే, మిగతాదంతా గర్వం.

షెడ్డు తలుపు వెనక మేకుకి ఒక పూల గుడ్డ వేలాడేది. పందేనికి వెళ్తే దానికీ ఒక మేకు కొట్టాకే మిగతా సామాను దించేవారు. ఎరుపూ పసుపూ నీలమూ నిర్వాహకుల జెండాలకే సరిపోయాయి కనుక ఈ ఇంటికి పూలే మిగిలాయి.

"కారు మీద అనుమానమొస్తే ఎవరైనా సరే అది ఎత్తొచ్చు," అంది అత్తయ్య. "పిడుగు చూసి వేగం తగ్గించి, ట్రాకు వదిలి లోపలికొచ్చేస్తుంది. ఎందుకెత్తావని మాత్రం ఎవరూ అడక్కూడదు."

"ఎందుకని?"

"అడుగుతారనుకుంటే చెయ్యి లేవదు."

మావయ్య కాలు అవిటైన ప్రమాదం తరువాత పెట్టిన కట్టుబాటట. ఇరవై ఏళ్లలో ఎవరూ ఎత్తలేదట. కోడలి కళ్లు మాత్రం దాని అంచు మీదే ఉన్నాయి. ఆమె పుట్టింటివాళ్లది దర్జీ పని. ఆ వంకరటింకర కుట్టు చూస్తే ఆమె చేతులు ఊరుకోలేదు. తీరిక చూసి విప్పి మళ్లీ కుట్టాలనుకుంది.

ఆరు నెలలు చూసి, ఈ పందేనికి అత్తయ్య ఆమెకు వెనక ఎడమ చక్రం అప్పగించింది. చక్రానికి ఐదు నట్లు. పానాతో బిగిస్తే, చాలినంత బిగువు రాగానే పానాయే టక్కుమంటుంది. టక్కుమన్నాకే ఆ నట్టు మీద పసుపు రంగు గీత పెట్టాలి. గీత ఉందంటే బిగిసిందని అర్థం.

పందెంలో ఇంకా నాలుగు చుట్లున్నాయి. పెద్దకోడలు అందరికన్నా ముందుంది. మూడేళ్లుగా ఆ ఇల్లు మొదటి స్థానం మొహం చూడలేదు. కారు మలుపు తిరిగి వస్తుంటే కోడలికి ఒళ్లు పులకరించింది. ఆనందం పట్టలేక చేతులు జోడించబోయి, వేళ్లకంటిన పసుపు రంగు చూసుకుంది.

దర్జీ పనిలో సుద్ద గీత ముందు, కత్తెర తరువాత. పొద్దున ఆమె చెయ్యి ఆ అలవాటు చొప్పునే పోయింది. ఐదు గీతలూ ముందే పెట్టేసి, తరువాత బిగించడం మొదలెట్టింది. మధ్యలో మొగుడు జాకీ పట్టుకోమని పిలిచాడు. తిరిగొచ్చి చూస్తే ఐదింటికీ గీతలున్నాయి, అయిపోయిందనుకుని లేచింది. టక్కులు ఎన్ని విన్నది? నాలుగా, ఐదా? ఎంత తలచుకున్నా నాలుగే వినిపిస్తున్నాయి.

నట్టు వదులైతే పిడుగు ప్రాణం. బిగిసే ఉంటే, గుడ్డ ఎత్తినందుకు మూడేళ్ల ఎదురుచూపు బూడిదలో పోసిన పన్నీరు. అందరూ కారునే చూస్తున్నారు. ఆమె మేకు మీది గుడ్డ లాగి, ట్రాకు పక్క గోడ దగ్గరికి పరుగెత్తి, రెండు చేతులా ఎత్తింది.

కారు ముందుకు దూసుకుపోయింది. మరుక్షణమే దాని గొంతు తగ్గింది. గెలుపు ముంగిట ఉన్న మనిషి, ఒక దిండు గలీబంత గుడ్డ చూసి కాలు వెనక్కి తీసింది! ఒక్కొక్క కారూ దాన్ని దాటిపోతుంటే కోడలు బతికుండగానే చచ్చింది.

చుట్టు తిరిగి కారు లోపలికొచ్చింది. "వెనక ఎడమ..." అంది కోడలు. అత్తయ్య పానా వేసింది. టక్. టక్. టక్. టక్. ఐదోదీ, టక్!

అన్నీ బిగిసే ఉన్నాయి. మొగుడు ఒక్కసారి నోరు తెరిచి, మూసుకున్నాడు. పిడుగు అద్దం వెనక నుంచి బొటనవేలెత్తి, రయ్యిమని వెళ్లిపోయింది. తొమ్మిదో స్థానం వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు.

సామాను సర్దుతుంటే ఆమే అత్తయ్య దగ్గరికెళ్లి ఏడ్చేసింది. "ఊరికే ఎత్తానత్తయ్యా. ముందే గీతలు పెట్టేశాను. మీ గెలుపు పోగొట్టాను."

అత్తయ్య పానా తుడుస్తూనే ఉంది.

"ఆ రోజు మీ మావయ్య కారు చక్రం బిగించింది నేనే. పందెం నడుస్తుండగా నాకూ ఇలాగే అనుమానమొచ్చింది. చెబితే నవ్వుతారని ఊరుకున్నా. రెండు చుట్ల తరువాత ఆ చక్రం ఊడింది."

దూరంగా మావయ్య కుంటుకుంటూ, చుట్ల లెక్క చూపే పలక భుజాన పెట్టుకుని వస్తున్నాడు.

"ఆయనకు తెలుసా?"

"ఆసుపత్రిలోనే చెప్పా. ఒక్క మాటనలేదు. తల కింద దిండు గలీబు ఊడదీసి, సూదీ దారం తెమ్మన్నాడు. మనిషి పుట్టాక మొదటిసారి కుట్టడం. నర్సు ఎంత నవ్విందో!"

కోడలు చేతిలోని గుడ్డ వైపు చూసింది. ఆ వంకర కుట్ల మీద వేలితో మెల్లగా రాసింది. ఒక కుట్టు ఊడి దారం వేలాడుతోంది. దాన్ని తెంపకుండా, ఉన్నది ఉన్నట్టే లోపలికి దోపి, గుడ్డ మడిచి అందరికన్నా పైన పెట్టింది.