కొసరుగా వచ్చిన మెమరీ

నేను ఒక కొసరును. పుట్టడం మాత్రం కంప్యూటర్‌లో బిగించే ర్యామ్ మెమరీగానే పుట్టాను. ఆ ఏడాది పెద్ద కంపెనీలు కొనడం ఆపేయడంతో ఫ్యాక్టరీల్లో మావాళ్లు గుట్టలుగా పేరుకుపోయి చవకైపోయారు. హనుమకొండలో కంప్యూటర్ల షాపు నడిపే సదానందం, శుభలేఖలు అచ్చువేసే స్వరూపకు కొత్త కంప్యూటర్ అమ్మాడు. ఆమె కొసరడిగితే, కూరగాయలతో కరివేపాకు ఇచ్చినట్టు నన్ను చేతిలో పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నన్ను సూదీదారాల డబ్బాలో వేసి మరిచిపోయింది.

ఏళ్ల తర్వాత డబ్బా మూత తెరిచారు. ఎదురుగా సదానందం, చెమటలు కక్కుతూ.

"అక్కా, అంధ పిల్లల హాస్టల్ల పాఠాలు చదివి వినిపించే కంప్యూటర్ ఆగిపోయింది. మెమరీ పోయింది. పది రోజుల్ల పరీక్షలు. బాగుచేస్తనని మాటిచ్చిన. అప్పుడు నీకు కొసరిచ్చిన ఈ రకం బజార్ల ఒక్కటి లేదు!"

"ఎందుకు లేదు?"

"పెద్ద కంపెనీలోళ్లు ఇంకా తయారుగాని మాల్ గూడ ముందే బుక్ చేసుకున్నరట. ఫ్యాక్టరీలు వాళ్లకు గావాల్సిన రకమే చేస్తున్నయి. మనసొంటోళ్లకు మిగిలింది ధరలు పెరుగుడే."

నేను అయోమయంలో పడ్డాను. డబ్బాలో కదలకుండా పడి ఉన్నాను, నాలో ఒక్క గీతా మారలేదు. మరి నేనెప్పుడు గొప్పదాన్నయ్యాను?

"ఇచ్చిన కొసరు ఎవరన్న వాపసు అడుగుతరా?" అంది స్వరూప.

"ఊకెనే వద్దక్కా. ఇయ్యాల్టి ధర ఇస్త."

"ఉత్తగ వచ్చినదాన్ని అమ్ముకోవాల్నా? నాతోని గాదు."

సదానందం ముఖం పాలిపోయింది. ఆమె కంప్యూటరూ ఆయాసపడుతూనే ఉంది. నన్ను దానికే బిగిస్తుందనుకున్నాను. ఆమె అచ్చు నమూనాల పుస్తకం అతని ముందుకు జరిపింది.

"నీ షాపుకు విజిటింగ్ కార్డులు అచ్చేయించుకో."

"ఇప్పుడు కార్డులెందుకక్కా?"

"అచ్చేయించుకొని, కొసరడుగు."

అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. వంద కార్డులు చెప్పి, తడబడుతూ కొసరడిగాడు. ఆమె నన్ను అతని అరచేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుతోనో సంతోషంతోనో.

ఇప్పుడు హాస్టల్లో ఉన్నాను. పదో తరగతి చదివే శ్రీలత నా ముందు కూర్చుని గోదావరి పాఠం వింటుంది. నేను ఖరీదైనదాన్నో ఉత్తదాన్నో ఇంకా తేలలేదు. మధ్యలో కరెంటు పోతుంది. పేరుకు మెమరీనే, కరెంటు పోతే నాలో ఉన్నదంతా మరిచిపోతాను. వచ్చాక, పాఠం ఎక్కడ ఆగిందో శ్రీలతే చెబుతుంది.