లత ఇంట్లో తెలుగు

కొత్తగూడ అడవి అంచున ఒక లంబాడా తండాలో పదకొండేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌ని. నా పేరు యాకమ్మ. యాకమ్మకు నోరెక్కువ అంటారు. నిజమే. ఆ నోరే ఒక పసిపిల్ల నోరు మూయించింది.

నెలకోసారి తల్లులను పిలుస్తాం. చదువు రాని తల్లయినా బొమ్మల కార్డు చూపించి బిడ్డకు కథ చెప్పొచ్చని, అదే చదువుకు తొలి మెట్టని చెప్పి కార్డులిచ్చి పంపుతాం. జూన్‌లో నేను ఇంకో ముక్క సొంతంగా కలిపాను.

"ఇంట్ల మీ లంబాడీ మాట బంద్ పెట్టుండ్రి. తెలుగే మాట్లాడుండ్రి. లేకుంటే పిల్లలు బడిల ఎనుకబడ్తరు."

మిగతా తల్లులు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. లత మాత్రం పట్టుకుంది. భర్త దేవ్యా కూలి పనికి హైదరాబాద్ వెళ్లాడు, ఇంట్లో తల్లీ కూతుళ్లే.

నాలుగేళ్ల దీప అప్పటిదాకా వసపిట్ట. దసరా నాటికి ఏ మాటా లేదు. కార్డు చూపిస్తే నేల చూపులు. చెవులు చూపించమని దవాఖానకు పంపాను. చెవులు బాగానే ఉన్నాయన్నారు. నాకు ఒళ్లు మండి ఇంటికే వెళ్లాను.

"పిల్లతోని అసలు మాట్లాడుతున్నవా లేదా?"

లత తల దించుకుంది. "నాకు సంతల బేరం చేసే తెలుగొస్తది టీచరమ్మా. బిడ్డను ముద్దుజేసే తెలుగు రాదు. దా, తిను, పండుకో... గంతే అంటున్న. అది మా మాటల పిలిస్తే పలుకుతలేను. మీరే చెప్పిండ్రు గద."

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు నెలలు ఆ ఇంట్లో మూడు మాటలు!

"తప్పు నాదే లతా. మీ మాటల్నే చెప్పు కథ."

ఆమె నమ్మలేనట్టు చూసి, మేక బొమ్మ కార్డు తీసుకుని మెల్లగా మొదలుపెట్టింది. పదకొండేళ్లు ఆ తండా నీళ్లు తాగినా, 'యాడీ' అంటే అమ్మ అని తప్ప నాకు ఆ భాష ముక్క రాదు. కథ అర్థం కాలేదు. దీపకు అర్థమైంది. గోడ వారనుంచి తల్లి ఒళ్లోకి జరిగింది. అంతలో నన్ను చూసి బెదిరి, తన చిన్న చేత్తో తల్లి నోరు మూసేసింది.

నేనిక అక్కడ కూర్చోలేకపోయాను. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచాను. వాకిలి దాటాక వెనక నుంచి సన్నగా వినిపించింది.

"యాడీ..."