దిండు కట్టిన సిలిండరు

గాలికి నోరుంటే ముందు మెకానిక్ పేరే చెబుతుందని అతనికి ఈమధ్య తరచూ అనిపిస్తోంది.

అతను పనిచేసేది ఊరూరా కొట్లున్న ఒక పెద్ద కంపెనీకి. పాలు, పెరుగు, ఐస్‌క్రీములు పెట్టే చల్లటి అల్మారాలు ప్రతి కొట్టులోనూ బారులు తీరి ఉంటాయి. వాటిని చల్లబరిచే గ్యాసు గొట్టాల్లో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. బయటపడిందంటే బొగ్గుపొగ దాని ముందు పసిపాప. భూమి మీది వేడిని పైకి పోనివ్వకుండా దుప్పటిలా కప్పేస్తుంది. అందుకే కొన్నేళ్ల కిందట కంపెనీ నలుగురి ముందూ ఒక మాట ఇచ్చింది. పాత గ్యాసు రవ్వంత కూడా గాలిలోకి వదలం, సిలిండర్లలోకి లాగి శుద్ధిచేసే చోటికి పంపుతాం, దాని బదులు అంత హాని చెయ్యని గ్యాసు నింపుతాం అని.

కంపెనీ చేత ఆ మాట ఇప్పించినవాడు మెకానిక్ బావమరిదే. ఆఫీసులో చిన్న కుర్చీలో కూర్చుని, పెద్ద కుర్చీలవాళ్ల చెవిలో జోరీగలా తిరిగి తిరిగి ఒప్పించాడు. గ్యాసు లాగే మిషన్లు కొనిపించాడు, సిలిండర్లు కొనిపించాడు. కిందటి వేసవిలో వాళ్ల అక్క, అంటే మెకానిక్ భార్య, తను పనిచేసే రేకుల షెడ్డులో సొమ్మసిల్లి పడిపోయింది. మళ్లీ లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. ఎండ అని ఎవరూ అనలేదు. అప్పట్నుంచీ బావమరిది మిగతా పనులన్నీ పక్కనపెట్టి ఆ ఒక్క మాటనే పట్టుకుని తిరుగుతున్నాడు. దాని గురించి మాట్లాడేటప్పుడు మాత్రమే అతని ముఖంలో కాస్త వెలుగు కనిపించేది.

ఆ వెలుగు చూసినప్పుడల్లా మెకానిక్ తల దించుకునేవాడు.

ఎందుకంటే మొదటి కొట్టులో తప్ప ఇంకెక్కడా అతను గ్యాసును సిలిండరులోకి లాగలేదు. మిషను నత్తనడక. తెల్లవారుతుండగా మొదలుపెడితే మధ్యాహ్నానికిగానీ పని తెమలదు. కొట్టు మాత్రం పొద్దున్నే తెరవాలి. మొదటిసారి పని సగంలో ఉండగానే జనం వచ్చేశారు, పాలు విరిగిపోయాయి, ఆఫీసు నుంచి చివాట్లు వచ్చాయి. రెండో కొట్టు నుంచి అతను ఒక గొట్టం తగిలించి, వెనక తలుపులోంచి బయటికి లాగి, వాల్వు తిప్పడం మొదలుపెట్టాడు. బుస్సుమంటూ అంతా పోయేది. టీ చల్లారేలోపు పని పూర్తి. శుద్ధిచేసే చోటికి ఏమీ రావడం లేదేమని అడిగిన నాథుడు లేడు. ఎన్ని సిలిండర్లు కొన్నామో అంత గ్యాసు మిగిల్చినట్టే ఆఫీసులో లెక్క. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు అందరూ కలిసే తాగారు.

ఆ రోజు కూడా గొట్టం వెనక తలుపు దాకా పరిచి, వాల్వు మీద చెయ్యి వేయబోతుండగా సందులో కారు ఆగింది. బావమరిది దిగాడు.

మెకానిక్ కాలితో గొట్టాన్ని గోడవైపు నెట్టాడు.

"ఏం బావా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?"

"నువ్వేంట్రా ఇక్కడ? ఆఫీసువాళ్లకి ఇంత పొద్దున్నే తెల్లారుతుందా?"

"రేపు సభ ఉంది కదా. ఇంకో నాలుగు కంపెనీలవాళ్లు వస్తున్నారు. మనం ఎలా చేస్తే వాళ్లూ అలాగే చేస్తారట. తీరా చూస్తే పని జరగడం నేనే ఒక్కసారీ చూడలేదు. సిగ్గుగా ఉండదూ?"

లోపల్నుంచి కొట్టు మేనేజరమ్మ తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చింది. "కబుర్లు తర్వాత చెప్పుకోవచ్చు, ముందు పని కానివ్వండి. పెరుగు ఒక్కసారి అలిగిందంటే మళ్లీ కాపురానికి రాదు."

"ఇదిగో అయిపోతుంది" అన్నాడు మెకానిక్. అని నాలుక కరుచుకున్నాడు.

"నేనూ ఒక చెయ్యి వేస్తాను. సిలిండర్లు వ్యానులోనేగా?" అంటూ బావమరిది చొక్కా చేతులు మడిచాడు.

"నీకెందుకురా, బట్టలు మాసిపోతాయి."

"మాస్తే ఉతుక్కుంటాను."

అప్పటికే అతను వ్యాను ఎక్కేశాడు. మెకానిక్ అక్కడే నిలబడిపోయాడు. వ్యానులో సిలిండర్లన్నీ కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగుల్లోనే ఉన్నాయి. ఒక్కదానికే తొడుగు లేదు. దాని మీద నాలుగు నాడాలతో కట్టిన గుండ్రటి దిండు ఉంది. పనిలేనప్పుడు మెకానిక్ కూర్చునేది దాని మీదే. ఇనుము చల్లగా గుచ్చుకుంటోందని ఒకసారి ఇంట్లో అంటే, భార్య పాత కర్టెను కత్తిరించి కుట్టిపెట్టింది. ఆకుపచ్చ బట్ట మీద ఎర్రముక్కు చిలకలు.



"ఇది మా ఇంటి కర్టెను" అంది వ్యానులోంచి బావమరిది గొంతు. "చిన్నప్పుడు దీని వెనకే దాక్కునేవాణ్ణి. కాళ్లు కనిపిస్తున్నా అక్క కనపడనట్టే వెతికేది."



బావమరిది సిలిండరును ఒంటి చేత్తో ఎత్తుకుని కిందికి దిగాడు. దాని మూతికి ఫ్యాక్టరీలో వేసిన ఎర్ర సీలు అలాగే ఉంది.

"ఎప్పుడు కుట్టింది?"

"పని మొదలైన ఏడాదే."

"అంటే అప్పట్నుంచీ దీని మూత తియ్యలేదా?"

అది చెడిపోయిన సిలిండరు, కూర్చోడానికి అట్టేపెట్టాను అని చెప్పొచ్చు. ఆ అబద్ధం ఎప్పుడో తయారుచేసుకుని ఉంచుకున్నాడు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అంతలో చిలకల మీది కుట్లు కనిపించాయి. దగ్గరదగ్గరగా, ఒక్కటీ వంకరపోకుండా ఉన్నాయి.

"దీనిదే కాదు. వేటివీ తియ్యలేదు" అన్నాడు. "మొదటి కొట్టులో తప్ప."

"మరి గ్యాసు?"

మెకానిక్ కాలితో గొట్టాన్ని మళ్లీ ఇవతలికి లాగి చూపించాడు.

బావమరిది ఆ గొట్టం వెంట చూపు నడిపిస్తూ వెనక తలుపు దాకా, అక్కడి నుంచి ఆకాశం దాకా చూశాడు. "అక్కకి తెలుసా?"

"తెలీదు. సిలిండరుకి దిండేంటని నవ్వింది. అంతే."

"నువ్వు చేస్తున్నావనే ధైర్యంతో అందరి ముందూ నిలబడ్డాను బావా. నా బావ చేస్తున్నాడు, మీకేం నొప్పి అని అడిగాను."

"మిషను ఇచ్చావు, సిలిండర్లు ఇచ్చావు. పొద్దు ఇవ్వలేదు. అది ఎవరిస్తార్రా? మొదటి కొట్టప్పుడే మీవాళ్లకి చెప్పాను. కొట్టు మూస్తే అమ్మకం పోతుందన్నారు. నీకు చెప్పాల్సింది. నీ ముఖం చూస్తే నోరు పెగల్లేదు."

బావమరిది తిట్టలేదు. గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు.

"పూటంతా పడుతుందని నాకు తెలుసు" అన్నాడు నెమ్మదిగా. "మిషను అమ్మినవాడే చెప్పాడు. కొట్లు మూయమని అడిగితే అసలుకే వద్దంటారని అడగలేదు. నువ్వెలాగో సర్దుకుంటావులే అనుకున్నాను. ఎలాగో అంటే ఏమిటని ఆలోచించలేదు."

మేనేజరమ్మ మళ్లీ వచ్చింది. "షట్టరు ఎత్తించమంటారా?"

"వద్దమ్మా" అన్నాడు బావమరిది. "మధ్యాహ్నం దాకా తెరవం."

"అయ్యో, ఎవరు చెప్పారు?"

"నేనే. అడిగితే నా పేరు చెప్పండి."

ఆమె ఒకరి తర్వాత ఒకరి ముఖంలోకి చూసింది. "మీ పేరుతో పాలు ఆగుతాయా?" అని గొణుక్కుంటూ, ఐసు పెట్టెలు తెమ్మని లోపలివాళ్లని కేకేసింది.

బావమరిది ఆఫీసు పెద్దాయనకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతలి గొంతు మెకానిక్‌కి కూడా వినిపిస్తూనే ఉంది. అందులో కోపం లేదు. అదే భయపెట్టింది.

"ఈ ఒక్క కొట్టులో చేసి ఫోటోలు పంపు. రేపటికి అవి చాలు."

"చాలవు సార్. ప్రతి కొట్టుకీ ఒక పూట ఇస్తామని మీరు చెప్పండి. లేకపోతే జరిగింది జరిగినట్టు రేపు నేనే చెప్తాను. అబద్ధాన్ని చూసి ఇంకో నాలుగు కంపెనీలు నేర్చుకోవడం దేనికి?"

"తొందరపడకు. అక్కడ పనిచేసేది మీ బావే కదూ? ముందు పోయేది ఎవరి ఉద్యోగమో ఆలోచించుకో."

బావమరిది ఫోను చెవి దగ్గరే ఉంచుకుని మెకానిక్ వైపు చూశాడు. మెకానిక్‌కి ఇంటి అద్దె గుర్తొచ్చింది. ఈ వయసులో ఇంకో చోట పని వెతుక్కోవడం గుర్తొచ్చింది.

"చెప్పు" అన్నాడు. "చెప్పెయ్."

"ఆలోచించుకున్నాం సార్" అన్నాడు బావమరిది. తర్వాత మాట్లాడదాం అని అటువైపు ఫోను పెట్టేశారు.

మెకానిక్ దిండు నాడాలు విప్పాడు. మురికి పట్టి బిగుసుకుపోయిన ముడులు ఒక పట్టాన రాలేదు. ఎర్ర సీలు తెంపి, మిషను తగిలించాడు. ఈసారి బుస్సుమన్న చప్పుడు లేదు. మిషను సన్నగా మూలుగుతూ గ్యాసును కొంచెం కొంచెంగా లాగుతోంది. ఇన్నేళ్లూ తను వదిలేసింది ఇక ఏ మిషనుకీ అందదు.

ఎండ అప్పుడే గోడ దిగి వాళ్ల కాళ్ల దాకా వచ్చింది. ముందువైపు ఎవరో షట్టరు బాదుతున్నారు. కొట్టు ఎందుకు తియ్యలేదని అరుస్తున్నారు.

మెకానిక్ అలవాటు కొద్దీ కూర్చోబోయి ఆగాడు. కూర్చునే సిలిండరు పనిలో ఉంది. చేతిలోని దిండును ఎక్కడ పెట్టాలో తోచలేదు. బావమరిది చెయ్యి చాస్తే ఇచ్చాడు. అతను దాన్ని రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు.

ఫోను మోగలేదు. మిషను పక్కన ఇద్దరూ నిలబడే ఉన్నారు.